ముందు చక్రానికి కట్టిన కొబ్బరికాయ

ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు తొలి విమానం బయలుదేరిన శుభ సందర్భంలో, సదరు విమానం ముందు చక్రం లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మిగతా కార్యక్రమమంతా ఆహ్వానపత్రంలో అచ్చేసినట్టే జరిగింది.

ఈ తొమ్మిది సీట్ల విమానం ఊరికే రాలేదు. విమాన సాధన సమితి అధ్యక్షులు విద్యాసాగర్‌రావు గారు ఇరవై రెండేళ్లు వినతిపత్రాలు ఇచ్చి, ఇచ్చిన ప్రతిసారీ ఫొటో దిగి తెచ్చిన విమానమిది. రావు గారికి పత్తి చేలున్నాయి, రెండు కార్లు, నాలుగు ట్రాక్టర్లు, ఒక కోత మిషను ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ ముందుభాగాన ఎర్రగుడ్డలో చుట్టిన కొబ్బరికాయ లేకుండా గేటు దాటలేదు. అందువల్లనే ఇన్నేళ్లలో వాటికి పదకొండు ప్రమాదాలు మాత్రమే జరిగాయని ఆయన నమ్మకం.

విమానాన్నీ ఆయన బండిగానే పరిగణించారు. పొద్దున్నే ముక్కుకు పసుపు రాయించి, మూడు చక్రాల కింద మూడు నిమ్మకాయలు పెట్టించి, ముందు చక్రం కాలికి స్వహస్తాలతో కాయ కట్టారు. పైలట్ అలేఖ్య బయలుదేరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసుకుంటూ ఆ కాయను విప్పి ఆయన చేతిలో పెట్టింది.

"సార్, పైకి లేవంగనే ఈ చక్రం ముడుచుకొని లోపలికి పోతది. దీనికి ఏం కట్టొద్దు."

"అట్లనే బిడ్డా, నువ్వెట్ల చెప్తె అట్ల," అన్నారు రావు గారు. అంత మర్యాదగా చెప్పిన పెద్దమనిషిని ఎవరైనా నమ్ముతారు. పిల్ల నమ్మి లోపలికెళ్లింది. రావు గారు ఫొటో దిగుతానని వెనకే ఆగి, కాయను మళ్లీ కట్టారు. ఈసారి రెండు ముళ్లు ఎక్కువ వేశారు. అక్కడే ఉన్న మెకానిక్ అంతా చూశాడు. చూసి దండం పెట్టుకున్నాడు.

ప్రయాణికులు ఆరుగురు. ముందు వరుసలో ఉన్నవి రెండే సీట్లు. వాటిలో ఎవరు కూర్చోవాలన్న విషయం మీద అరగంట చర్చ జరిగి, రావు గారూ ఆయన సతీమణి జానకీబాయీ కూర్చోవాలని రావు గారు ఏకగ్రీవంగా తీర్మానించారు.

విమానం లేచింది. కింద ఎక్కడో టక్కుమంది. ఆ చప్పుడును శుభసూచకంగా స్వీకరించి రావు గారు మీసం దువ్వుకున్నారు.

కరీంనగర్ మీదికి వచ్చాక అలేఖ్య చక్రాలు దించింది. మూడూ దిగితే ఎదురుగా మూడు పచ్చదీపాలు వెలగాలి, రెండే వెలిగాయి. చేత్తో తిప్పి దించే ఏర్పాటుంటే అదీ చేసి చూసింది. ఊహూఁ. విమానం ఊరి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది, రెండోది చేసింది. కింద స్వాగత సంఘం వారు ఇదేదో తమకు ప్రత్యేక గౌరవమనుకొని ప్రతి చుట్టుకూ చప్పట్లు కొట్టారు. అతిథుల బట్టల మీద దుమ్ము పడకుండా ఫైరింజన్ తన నీళ్లన్నీ అప్పటికే నేల మీద చల్లేసి, నింపుకొని రావడానికి వెళ్లింది.

"ముందు చక్రం వస్తలేదు. ఎందుకొస్తలేదో సమజైతలేదు. ఇంకా చూస్తున్న, జర ఓపిక పట్టుర్రి," అంది అలేఖ్య.

ఎందుకు రావడం లేదో తెలిసిన మనిషి ఆ విమానంలో రావు గారొక్కరే. చెబితే ఇరవై రెండేళ్ల పరువు పోతుంది. చెప్పకపోతే ప్రాణాలు పోతాయి. ఆయన నిష్పక్షపాతంగా రెండింటినీ తూచి చూశారు. ముల్లు ఎటూ మొగ్గలేదు.

జానకీబాయి మొగుడి మొహం చూసింది. నలభై ఏళ్లుగా చూస్తున్న మొహమే.

"ఏందండి, కాయ మళ్ల కట్టిండ్రా?"

"ఊకో జానకీ. నలుగురున్నరు."

"నలుగురు కాదు, ఏడుగురున్నం. బతికుంటెనే గదా మీ ఇజ్జత్! మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

రావు గారు కిటికీలోంచి మేఘాలను పరిశీలించారు. జానకీబాయి లేచి వెళ్లి పైలట్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది. అలేఖ్య చక్రాల మీట మీది నుంచి చెయ్యి తీసేసింది.

"మంచిగ చెప్పిండ్రమ్మా. ఇగ అది రాదు. రెండు చక్రాల మీదనే దించుత. ముందు బరువు ఉండొద్దు, అందరు వెనక సీట్లకు పోవాలె."

ముందు వరుస ఎలాంటి చర్చా లేకుండా ఖాళీ అయింది. అందరికన్నా వెనక సీటు రావు గారికే దక్కింది.

వెనక చక్రాలు నేలను తాకాయి. అలేఖ్య ముక్కును ఆపగలిగినంత సేపు పైకెత్తి ఆపింది. తర్వాత అది నేలకు రాసుకుంటూ, నిప్పురవ్వలు చిమ్ముకుంటూ పోయి స్వాగత వేదికకు నలభై అడుగుల దూరంలో ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. జానకీబాయి ఆ పిల్లను పట్టుకొని బోరున ఏడ్చింది. బ్యాండువాళ్లు ముందనుకున్న పాటే వాయించారు.

మెకానిక్కులు చక్రం గూట్లో ఇరుక్కున్న కాయను పెకిలించి తీశారు. చిత్రమేమిటంటే అది పగల్లేదు. రావు గారికి ప్రాణం లేచొచ్చింది. మైకందుకున్నారు.

"మిత్రులారా! చక్రం మనల్ని మోసం చేసింది. కానీ కొబ్బరికాయ మోసం చెయ్యలే! రావాల్సిన గండమంత తన మీదేసుకున్నది!"

ముప్పై అయిదేళ్లు భౌతికశాస్త్రం బోధించి రిటైరైన తోటి ప్రయాణికుడు భానుప్రసాద్ గారు, కాయలోని నీరు కుదుపులను పీల్చుకున్న విధానాన్ని సభకు విపులంగా వివరించారు. ఇత్తడి పళ్లెంలో పెట్టిన ఆ కాయను మూడు రోజులు జనం బారులు తీరి చూశారు. జానకీబాయి విచారణలో ఇచ్చిన వాంగ్మూలాన్ని భయంలో అన్న మాటలుగా గుర్తించి పక్కన పెట్టారు. మొదటిసారి కాయ ఎందుకు విప్పవలసి వచ్చిందో సంజాయిషీ ఇవ్వాలని అలేఖ్యకు నోటీసు వెళ్లింది.

నెల తర్వాత రెండో విమానం సిద్ధమైంది. నడపడానికి వేరెవరూ రానందున అలేఖ్యనే పిలిచారు. తొమ్మిది టికెట్లూ అమ్ముడయ్యాయి. ఆమె మెట్ల దగ్గర నిలబడి చెప్పింది:

"మూడు చక్రాలు నేనే చూసుకున్న, మంచిగున్నయ్. దేనికీ ఏం కట్టలే, కట్టనియ్య. ఎక్కుర్రి."

జనం వెనక్కి తగ్గారు. ఒకరికి బంధువుల పెళ్లి గుర్తొచ్చింది. భానుప్రసాద్ గారు గాలి అనుకూలంగా లేదని శాస్త్రీయంగా తేల్చారు. రోడ్డు మీద ప్రైవేటు బస్సొకటి సిద్ధంగా ఉంది. బ్రేకులు కొంచెం ఆలస్యంగా పడతాయని డ్రైవరే చెప్పాడు, కానీ ముందు అద్దం దగ్గర ఎర్రమూట వేలాడుతోంది. అందరూ అటు నడిచారు.

జానకీబాయి సంచి పట్టుకొని చకచకా మెట్లెక్కింది. గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది.

"ఆ కాయ కింద పెట్టి ఎక్కుర్రి. మీరు తెచ్చిన విమానమే గదండి."

రావు గారు విమానాన్ని చూశారు, ఇల్లాలిని చూశారు, చంకలోని కాయను చూశారు. ఒక కాలు మెట్టు మీద పెట్టారు కూడా. తర్వాత వెనక్కి తీసుకొని, వెళ్లి బస్సులో ముందు సీట్లో కూర్చున్నారు.

విమానంలో ఇంకా ఎనిమిది సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఇంతసేపూ చదివి నవ్వుకున్న పెద్దలందరూ దయచేసి వచ్చి ఎక్కవలసిందిగా మనవి.

అదేమిటి, ఎవరూ కదలరేం?