కళ్ళు తెరిచిన ఫోను

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఓబులాచారి ముప్పై ఏళ్లుగా రాతితో పోట్లాడి గెలుస్తూనే ఉన్నాడు. భార్య పద్మమ్మతో మాత్రం ఒక్కసారీ గెలవలేదు. ఇప్పుడు మూడో శత్రువు తయారైంది. అది ఆయన చొక్కా జేబులోనే ఉంది.

సంజామల గుడి కమిటీ కోసం మూడడుగుల అమ్మవారిని నాలుగు నెలలుగా చెక్కాడు. అంతా అయింది, కళ్ళు తప్ప. అవి ప్రతిష్ఠ నాడు ముహూర్తం చూసి తెరవాల్సినవి. అప్పటిదాకా ఆ చోటు నున్నగా వదిలేస్తారు. ఓబులాచారి ఫోటో తీసి కమిటీకి పంపాడు. ముఖం కనబడితే చాలు, అడక్కుండానే అందంగా దిద్దే రకం ఆ ఫోను. అమ్మవారిని చూసి జాలిపడి, రెండు కళ్ళు రెప్పలతో సహా తానే పెట్టేసింది.

పొద్దున్నే కమిటీ పెద్ద ఫోన్ చేశాడు. ఏ ఊరేగింపులోనైనా ముందు నడుస్తాడు కాబట్టి ఆయన్ని జెండా కిష్టప్ప అంటారు.

"ఏందప్పా ఆచారీ, ముహూర్తం లేకుండా అమ్మవారికి కళ్ళు తెరిచినావంట?"

"నేను తెరవలేదన్నా. ఫోను తెరిచింది."

"పొద్దున్నే తాగినావా? సాయంత్రం కమిటీ కూచుంటాది. ఆలోగా కళ్ళు లేని ఫోటో పంపు. లేదంటే ఆ ఇగ్రహం మాకొద్దు."

"వచ్చి చూసుకోమను" అంది పక్కనే ఉన్న పద్మమ్మ.

"కమిటీలో పదకొండు మంది. ఒకర్ని పిలిస్తే పదిమంది అలుగుతారు."

ఓబులాచారి పళ్లు పటపట కొరికాడు. చేతిలో ఉన్న వస్తువు తన మాట వినకపోవడం ఆయన ఎప్పుడూ సహించలేదు. గబగబా చొక్కా మార్చుకున్నాడు.

"నంద్యాలకు పోతాండా. ఉలులకు సాన పట్టియ్యాల."

"ఉలులన్నీ ఈడనే ఉండాయి. దేనికి పట్టిస్తావ్, నీ వేళ్లకా?"

"కెమెరా కొంటా. నేను తిప్పితేనే తిరిగే కెమెరా. నువ్వు అడ్డం రావద్దు."

"నేనెందుకొస్తా. బస్సే వస్తాంది, పో" అంది పద్మమ్మ.

నంద్యాలలో నవాజ్ అంగడి. పాత కెమెరాలు బాగుచేసి చవగ్గా అమ్ముతాడు. గాజు బల్ల మీద నాలుగు పెట్టాడు.

"ఇది చూడన్నా. ఎదుటోళ్లు నవ్వితే చాలు, దానంతట అదే తీసుకుంటాది."

"వద్దు. ఎప్పుడు తీయాల్నో నేను చెప్తా."

"ఇది ముఖం యాడుందో తానే వెతుక్కుంటాది."

"అది అసలే వద్దు. చెప్పింది చేయాల, చెప్పనిది చేయకూడదు."

"అట్లాంటిది నీ ఇంట్లో ఏమన్నా ఉందా అన్నా?"

ఓబులాచారి నాలుగో దాన్ని చేతికి తీసుకున్నాడు. అరచేతిలో ఇమిడే చిన్న కెమెరా. పైన రెండు చక్రాలు. వెలుగు ఎంతసేపు పడాలో ఒకటి, ఎంత రంధ్రంలోంచి పడాలో ఇంకొకటి. ఉలి పిడి పట్టుకున్నట్టే ఉంది. ధర విన్నాక జేబులో డబ్బు లెక్కపెట్టుకున్నాడు, చాలలేదు. ఆయన ఫోనులోంచి సిమ్ము పీకి జేబులో వేసుకుని, ఫోను బల్ల మీద పెట్టాడు.

"దీన్ని తీసుకో. కళ్ళ డాక్టరు. తగ్గింది నేనిస్తా."

ఇంటికొచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. పద్మమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. మొదటి ఫోటో తీసి చూపించాడు.

"అమ్మవారు యాడ?"

"చీకట్లో ఉంది."

చక్రం తిప్పి రెండోది తీశాడు. "ఇప్పుడు?"

"ఇందాక బొగ్గు, ఇప్పుడు సున్నం. సంజామలోళ్లకు ఏ రంగు కావాల్నో అడుగు."

రంధ్రం చిన్నదైతే అంకె పెద్దదవుతుందట. ఇది చదువుకున్నవాళ్లు పెట్టిన లెక్క. ఐదో తరగతిలో బడి మానేసిన ఓబులాచారి, తాను మానేసింది ఇందుకేనని అనుకున్నాడు. అయినా వదల్లేదు. తిప్పాడు, వంగాడు, పడుకున్నాడు, ఊపిరి బిగబట్టాడు. డెబ్భయ్యో ఎనభయ్యో ఫోటోలో అమ్మవారు వచ్చింది. నల్లరాయి నల్లరాయిలాగే ఉంది. ఉలి గాట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కళ్ళ చోటు ఖాళీ.

"గెలిచినా" అన్నాడు.

"పంపు మరి."

అప్పుడు గుర్తొచ్చింది, పంపడానికి ఫోను లేదని.

"నీ ఫోను ఇట్లియ్యి. కెమెరా తెర మీద ఉన్న బొమ్మను దాంతో ఫోటో తీసి పంపుతా."

పద్మమ్మ ఫోనూ ఆయన ఫోనూ ఒకే రోజు ఒకే అంగడిలో కొన్నవి. నొక్కాడు. ఇద్దరూ తొంగి చూశారు.

"ఈసారి కాటుక గూడా పెట్టింది" అంది పద్మమ్మ.

ఓబులాచారి రాతి మీద కూలబడ్డాడు. "కిష్టప్పకు ఫోన్ చెయ్యి. వద్దంటే వద్దనుకోమను. నాలుగు నెలలు పోయినాయనుకుంటా."

"ఆయన పొద్దున్నే ఒప్పుకున్నాడు."

"ఏందీ?"

"నువ్వు బస్సెక్కినంక అమ్మవారి కళ్ళకు అడ్డంగా పసుపు గుడ్డ కట్టి ఫోటో పంపినా. ముహూర్తం దాకా గుడ్డ విప్పేది లేదని చెప్పినా. 'పద్ధతంటే ఇదీ' అన్నాడు. ఫోనుకు కళ్ళు పెట్టేదానికి చోటే దొరకలేదు."

"మరి గుడ్డ ఏదీ?"

"నీ కోసమే విప్పినా."

"నాకు చెప్పొద్దా?"

"చేస్తే స్విచ్చాఫ్."

"వచ్చినంకన్నా చెప్పొచ్చు గదా."

"అంత పట్టుదలగా తిప్పుతాంటే చూడ ముచ్చటేసింది."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని కెమెరా అందుకుంది. మధ్యాహ్నం నుంచీ చూస్తూనే ఉంది కాబట్టి రెండు చక్రాలూ ఒక్కసారే సరిగ్గా తిప్పి, ఆయన్ని ఒక ఫోటో తీసి చూపించింది. కనుబొమల్లో రాతిపొడి, కళ్ళకింద సంచులు, బుగ్గ మీద నాలుగు మడతలు. ఒక్కటీ వదల్లేదు.

"ఎవురే ఈ ముసిలాయన?"

"మన శిల్పాల అంగడి బోర్డు మీద ఇదే వేయిద్దామా?"

ఓబులాచారి ఆ ముసిలాయన్ని చూసి, ఫోను లేని చొక్కా జేబు తడుముకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"పద్మా, పొద్దున నంద్యాలకు తొలి బస్సు ఎన్ని గంటలకే?"