నల్లంచు పిలుపు

సోమవారం పొద్దున వీరరాఘవయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇరవై కవర్లు పోస్టాఫీసులో ఇచ్చి, అటునుంచి అటే వెళ్లి దుకాణం తెరవాలి.

మార్కాపురం బజారులో దారాలు, లేసులు, గుండీలు, జాకెట్టు ముక్కలు అమ్మే మ్యాచింగ్ సెంటరు ఆయనది. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఆడవాళ్లు తెచ్చిన ప్రతి చీరకూ సరిపోయే రంగు వెతికి ఇచ్చాడు గానీ, తన మనసుకు మాత్రం బూడిద రంగు తప్ప మరేదీ సరిపడలేదు. పండగపూట పులిహోర తింటూ కూడా పోయినవాళ్ల ప్రస్తావన తెచ్చే మనిషి. వచ్చే పదకొండో తేదీన ఆయనకు షష్టిపూర్తి. ఆ మాట ఎత్తితే చాలు, "ఎవరొస్తారులే" అని ఒక నిట్టూర్పు విడిచేవాడు.

ఆ 'ఎవరు' ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. కంభంలో ఉన్న అక్క కృష్ణవేణమ్మ. తొమ్మిదేళ్ల కిందట తల్లి కర్మలు అయిన రోజున, తల్లి కుట్టుమిషను తనకిమ్మని ఆవిడ అడిగింది. ఆస్తి మొత్తం అడిగినట్టు ఈయన బిగుసుకున్నాడు. మాటా మాటా పెరిగింది. "ఇంక నీ గడప తొక్కనురా రాఘవా. తొక్కితే నువ్వు పోయిననాడే తొక్కుతా!" అనేసి ఆవిడ బస్సెక్కింది. అనడమే కాదు, మాట మీద నిలబడింది కూడా. ఆ మిషను అటకెక్కింది. వెళ్లి బొట్టుపెట్టి పిలవడానికి తమ్ముడికి మొహం చెల్లలేదు, పిలవకుండా ఉండటానికి ప్రాణం ఒప్పలేదు.

కోడలు అమూల్య ఆ ముడి తాను విప్పుతానంది. ఆ పిల్లకు పాత వస్తువులంటే పిచ్చి. అటక మీది మిషను దింపించి, నూనె పోసి, కొత్త బెల్టు వేసి, అత్తగారి పుట్టింటి చీరలనుంచి మామగారి చిన్ననాటి లాగుల దాకా ఇంట్లో ఉన్న పాతబట్టలన్నీ ముందేసుకుంది. మామగారి అరవై ఏళ్ల బతుకు మీద స్క్రాప్‌బుక్ చేస్తుందట. బొంతలాగా కుట్టిన అట్ట, పేజీకో గుడ్డ సంచి, పాత గుండీలు, లేసులు, ఫోటోలు. బంధువులు తలా ఒక జ్ఞాపకం రాసి, తలా ఒక గుడ్డముక్క తెచ్చిస్తే అవన్నీ అందులో కుట్టేస్తుందట. అందుకోసం పిలుపు కార్డులు కూడా తనే చేసింది. తెల్లకాగితాలను టీ డికాషన్‌లో ముంచి మిద్దె మీద ఆరబెడుతుంటే వీరరాఘవయ్య చూశాడు.

"ఏందమ్మా ఇది?"

"వింటేజ్ మామయ్యా. పాతకాలం దాని మాదిరి ఉండాల."

"ఊరికే పెడితే అదే పాతబడతాది గదమ్మా. దానికింత కష్టమెందుకు?"

ఇంతకుమించి ఆయన చూడలేదు. కార్డులు పూర్తయ్యేసరికి కవర్లలోకి వెళ్లిపోయాయి, కవర్ల మీద లక్క ముద్రలు కూడా పడ్డాయి. ఇంటావిడ రామతులసమ్మ మాత్రం, "మూలలకి పసుపు పెట్టినావా?" అని అడిగింది. "పెడితే లుక్ పోతాది అత్తయ్యా" అంది అమూల్య. కంటి ఆపరేషనై నల్ల అద్దాలు పెట్టుకున్న మనిషి కాబట్టి రామతులసమ్మ లుక్ సంగతిలో వాదన పెట్టుకోలేదు.

పోస్టాఫీసులో కంభం కవరు ఒక్కటీ ఇచ్చేముందు వీరరాఘవయ్య దాన్ని కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. వస్తుందా? రాదులే అనుకున్నాడు. అనుకున్నాక, ఎందుకైనా మంచిదని అడ్రసు ఇంకోసారి చదువుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఆయన భోజనం చేసి నడుం వాల్చాడో లేదో, దుకాణంలో ఉండాల్సిన కొడుకు ఫణికృష్ణ మొహం పాలిపోయి ఇంట్లోకి వచ్చాడు. చేతిలో ఫోను.

"నాయనా, నీకు బాగానే ఉంది కదా?"

"నాకు ఎప్పుడు బాగుండింది గనక?" అన్నాడు తండ్రి అలవాటుగా.

ఫణికృష్ణ ఫోను చూపించాడు. చుట్టాల వాట్సాప్ గ్రూపు నిండా దండాలు. 'ఓం శాంతి.' 'ఓం శాంతి.' 'మంచి మనిషి. మాట్లాడేది తక్కువ.' దొనకొండలో ఉన్న బావమరిది మురళీకృష్ణ అయితే ఏకంగా 'బావగారు లేని లోటు తీర్చలేనిది' అని పెట్టాడు. వీరరాఘవయ్య కళ్లజోడు పెట్టుకుని అన్నీ చదివాడు. మనిషికి కోపం రాలేదు, భయమూ వేయలేదు. దిగులే వచ్చింది, అదీ మామూలు కంటే రెండింతలు.

"చూసినావా? నేను పోయినానని పదహారు మందికి తెలిసింది. బయల్దేరి వస్తున్నామని ఒక్కరన్నా రాసినారా?"

"అది కాదు నాయనా, అసలు పోయినావని వీళ్లకు ఎవురు చెప్పినారు?"

జవాబు అమూల్య బల్ల మీదే ఉంది. మిగిలిపోయిన కార్డు ఒకటి పట్టుకొచ్చి వెలుతురులో పెట్టారు. కొవ్వొత్తి మీద కాల్చడంతో నాలుగంచులూ నల్లబడ్డాయి. మధ్యలో మట్టిరంగుకు తిరిగిన వీరరాఘవయ్య ఫోటో, చుట్టూ ఎండిన చామంతి రేకులు. దానిమీద నల్లదారంతో కుట్టిన లేసు. కింద '1965 – 2025'. దాని కింద ముత్యాల్లాంటి అక్షరాలతో 'శ్రీ వీరరాఘవయ్య గారి జ్ఞాపకార్థం'. ఆ కింద 'పదకొండున భోజనాలకు తప్పక రాగలరు'.

వీరరాఘవయ్య తన ఫోటో వంక తానే చాలాసేపు చూశాడు. కార్డు మాట అటుంచితే, ఆ ఫోటోలో తను పోయినట్టే ఉన్నాడు.

రామతులసమ్మ నల్లద్దాలు పైకెత్తి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇదేందే పిల్లా! నల్లంచు ఉత్తరం చావు కబురే! ఇట్లాంటిది వస్తే చదవను కూడా చదవరు, గడప బయటే చింపేస్తారు!"

అమూల్యకు కళ్లనీళ్లు తిరిగాయి. "మా ఇండ్లల్లో ఎవురు పోయినా ఫోన్‌లోనే పెడతారు అత్తయ్యా. ఉత్తరం రాసేది నేను యాడ చూసినా? జ్ఞాపకం అర్థం అంటే జ్ఞాపకం కోసరం అనుకుంటి."

ఫణికృష్ణ వెంటనే మురళీకృష్ణకు ఫోను కలిపాడు. "మామా, నాయన బాగున్నాడు!"

"యాడున్నా బాగుంటాడు నాయనా" అని ఆయన ముక్కు చీదాడు. "పుణ్యాత్ముడు. నువ్వు ధైర్యంగా ఉండాల. అమ్మను జాగ్రత్తగా చూసుకో." ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. దుఃఖంలో ఉన్న పిల్లవాడిని ఎక్కువ మాట్లాడించకూడదని ఆయన ఉద్దేశం కాబోలు.

గ్రూపులో అసలు సంగతి పెట్టేలోపే వాకిట్లో ఆటో ఆగింది. దిగీ దిగకముందే ఒక ఆడగొంతు వీధి అదిరేలా లేచింది.

"ఒరేయ్ రాఘవా! పోయినావారా నాయనా!"

ఆ గొంతు విని తొమ్మిదేళ్లయింది. వీరరాఘవయ్య మంచం మీదనుంచి లేచాడు, తలుపు దాకా వెళ్లాడు, అక్కడ ఆగిపోయాడు. రామతులసమ్మ ఒక్కతే బయటకు పరుగెత్తింది. కృష్ణవేణమ్మ ఆవిడ నుదుటి బొట్టు, ఖాళీగా ఉన్న వాకిలి చూసి మరింత ఘొల్లుమంది.

"అప్పుడే ఎత్తేసినారా? నాకోసం ఆగలేదా తులసమ్మా?"

"వదినా, అది కాదు..."

"ఏం చెప్తావులే, ఏం చెప్తావు!" అంటూ ఆవిడ వాటేసుకునేసరికి, రామతులసమ్మ కూడా ఏమీ తోచక ఏడ్చేసింది. అది చూసి ఎదురింటివాళ్లు బయటకు వచ్చారు. ఫణికృష్ణ వెళ్లబోతుంటే తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు. నన్ను విననీ."

కృష్ణవేణమ్మ గడప బయటే చతికిలబడి శోకాలు అందుకుంది. "పలక పగలగొట్టింది నువ్వురా, దెబ్బలు తిన్నది నేనురా తమ్ముడా! గోడ దూకి లాగు చించుకొస్తే, అమ్మకు తెలీకుండా ఆ మిషను మీద కుట్టిచ్చింది నేనురా! నా కాళ్లకు తొక్కుడు అందకపోతే నువ్వు కింద కూచోని చేతుల్తో ఆడించినావురా! మిషనెందుకురా నాకు? నువ్వూ నేనూ కలిసి తొక్కినామని అడిగితిని గదరా! కాదంటివి గదరా!"

వీరరాఘవయ్యకు ఆ లాగు గుర్తొచ్చింది. ఖాకీ లాగు, వెనకవైపు అడ్డంగా కుట్టు. రెండు రోజుల కిందటే అమూల్య దాన్ని మూడో పేజీకి సంచిగా కుట్టింది. ఈ సంగతి తను పూర్తిగా మరిచిపోయాడు. తొమ్మిదేళ్లూ అక్క ఒక వస్తువు అడిగిందనే అనుకున్నాడు. ఇక నిలబడలేకపోయాడు. కళ్లు తుడుచుకోకుండానే బయటకు వచ్చి, "అక్కా" అన్నాడు.

కృష్ణవేణమ్మ తలెత్తి చూసింది. ఒక్క కేక పెట్టి వెనక్కి పడబోయింది. తేరుకుని, ఆయన పాదాలు నేల మీద ఆనుతున్నాయో లేదో చూసింది. ఆనుతున్నాయి. అప్పుడు చేతిలో ఉన్న గుడ్డ మూటతో వీపు మీద నాలుగు బాదింది.

"బతికుండి పలకవేందిరా? నేను ఏడ్చేది విని కూచున్నావా లోపల?"

"ఇంకెప్పుడు వింటానక్కా? నిజంగా పోయిననాడు నాకు వినపడదు గదా."

ఆవిడ కొట్టడం ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఈసారి నిశ్శబ్దంగా ఏడ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని గడప దాటించాడు. ఒట్టు మాట ఇద్దరూ ఎత్తలేదు. లోపల కిటికీ పక్కన మిషను చూడగానే ఆవిడ అడుగు ఆగింది.

"తీసుకపో అక్కా. నీదే."

"మోకాళ్లు అరిగిపోయినాయి రాఘవా. యాడ తొక్కేది?" అని దాని చక్రం మీద చెయ్యి వేసి ఊరికే నిలబడింది.

ఇంతసేపూ తలుపు వెనక నిలబడ్డ అమూల్య బిక్కుబిక్కుమంటూ ముందుకొచ్చింది. శోకాలు మొత్తం నోటు పుస్తకంలో రాసుకుంది. రాసివ్వాల్సిన జ్ఞాపకం వచ్చేసింది, ఒక గుడ్డముక్క కూడా ఇస్తే పేజీ పూర్తవుతుందంది. కృష్ణవేణమ్మ మూట విప్పింది. తమ్ముడి మీద కప్పడానికి కొని తెచ్చిన కొత్త తెల్లబట్ట అది. రామతులసమ్మ వద్దు వద్దంటున్నా, వీరరాఘవయ్య తానే కత్తెర తెచ్చి అక్క చేతికిచ్చాడు.

పదకొండున బంధువులంతా వచ్చారు. సగంమంది షష్టిపూర్తికి, తర్వాత గ్రూపులో పెట్టిన అసలు సంగతి చూడని సగంమంది కర్మలకు. భోజనాల దగ్గర తేడా ఏమీ కనపడలేదు. స్క్రాప్‌బుక్ చేతులు మారింది. చివరి పేజీలో బెత్తెడు తెల్లగుడ్డ కుట్టి ఉంది, దాని కింద కృష్ణవేణమ్మ చేతిరాతతో ఒక్క వరస: 'మిగతా బట్ట నా పెట్టెలో ఉంది. తొందరేమీ లేదు.'