అరవై అయిదు వేల తలుపులు తీసిన తండ్రి

ఇంట్లో కంప్యూటర్ పోర్టులన్నీ బార్లా తెరిచిపెట్టుకోని మనిషిని నేను నాగరికుల్లో జమకట్టను. కోపం వస్తే రానివ్వండి!

పోర్టు అంటే తెలియని అమాయకుల కోసం చెబుతున్నాను. నేనూ పోయిన నెల దాకా మీలో ఒకణ్ణే. బయటి ఇంటర్నెట్ నుంచి మన కంప్యూటర్‌లోకి వచ్చే దారి పోర్టు. అలాంటివి అరవై అయిదు వేల చిల్లర ఉంటాయట! రౌటర్ అనే పిసినారి పెట్టె వాటన్నింటినీ మూసేసి, మీద ఎక్కి కూర్చుంటుంది.

మా అమ్మాయికి పదహారేళ్ళు. తన గదిలోని కంప్యూటర్ మీద సొంతంగా ఒక ఆట నడుపుతుంది. ఎక్కడెక్కడి స్నేహితులో అందులోకి వచ్చి కోటలు కట్టి, కూల్చి పోతుంటారు. వాళ్ళు రావాలంటే ఒక పోర్టు తెరవాలి. ఇంటికి పెద్దని కనుక రౌటర్ వ్యవహారాలు నావి. అందుకని ఎన్నో వారాల తరవాత ఒక సాయంత్రం తనంతట తాను నా గదిలోకి వచ్చింది.

"నాన్నా, ఈ నెంబరు ఒక్కటి తెరువు" అని నా ముందు ఒక చీటీ పెట్టింది.

ఇన్నాళ్ళకి నోరు తెరిచి అడిగిన పిల్లకి ఒక్కటా? నేనేమన్నా రౌటర్‌నా? మొదటి దాన్నుంచి చివరి దాకా అన్నీ తెరిచేశాను! "థాంక్స్ నాన్నా" అని వెళ్ళిపోయింది. వచ్చి వెళ్ళేలోగా మొత్తం ఏడు మాటలు మాట్లాడింది.

మర్నాటి నుంచి మా ఇంటికి వచ్చిన కళ చూడాలి! నేను బతిమాలినా ఒక్క పేజీ ఇవ్వని ప్రింటర్, ఎవరూ అడక్కుండానే ఏదో తెలియని భాషలో పదకొండు పేజీలు అచ్చేసింది. హాల్లో కెమెరా తల తిప్పి మా అత్తగారి వంక చూసింది. "పోనీలే, ఈ ఇంట్లో నా మొహం చూసే దిక్కు ఒకటి వచ్చింది" అని ఆవిడ మురిసిపోయారు. రోజూ తల దువ్వుకుని దాని ఎదురుగానే కూర్చుంటున్నారు.

మా ఆవిడ వీధి తలుపుకి తాళం వేసి మూడుసార్లు లాగి చూసే రకం. "ఏమండీ, ఇంట్లోకి ఎవరో వచ్చి పోతున్నట్టుంది" అంది. రారా మరి? తెరిచింది అందుకేగా!

మా ఆఫీసులో నెట్‌వర్క్ చూసే పెద్దాయనకి ఈ సంగతి గర్వంగా చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అన్నీనా?"

"అన్నీ."

"తెలిసే చేశారా?"

"ప్రేమతో చేశాను."

ఆయన నా భుజం మీద చెయ్యేసి, పరామర్శకి వచ్చినవాళ్ళ గొంతుతో, "ఎక్కడెక్కడి దొంగలో నెట్‌లోంచి మీ ఇంట్లో దూరతారు. ఆ పాప అడిగింది ఒక్కటి ఉంచి, తక్కినవి మూసెయ్యండి సార్" అన్నాడు. ఓర్వలేనితనం కాకపోతే ఏమిటి?

ఇంత చేసినవాణ్ణి, లోపల ఏం జరుగుతోందో చూడకపోతే ఎలా? ఆదివారం మధ్యాహ్నం నా గది తలుపేసుకుని, ల్యాప్‌టాప్‌లో ఆ ఆట దింపుకుని, పిడుగు అని పేరు పెట్టుకుని దిగాను. దిగీదిగగానే గోతిలో పడ్డాను.

అక్కడ కమాండర్ మా అమ్మాయే. పిడుగు ఎవరో తనకి తెలీదు. "కంగారుపడకు పిడుగూ, నా వెనకాలే రా" అని టైప్ చేసింది. చేతికి కత్తి ఇచ్చింది. దాంతో పొరపాటున తననే పొడిచాను. "పర్లేదు, మొదట్లో అందరూ అంతే" అంది. కాసేపాగి, "అన్నం తిన్నావా?" అని అడిగింది.

పాఠకులారా, ఆ ప్రశ్న నన్ను మా ఇంట్లో అడిగి ఎన్నాళ్ళయిందో! నిజంగా ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఊరూపేరూ లేని పిడుగుగాడికి అన్నం కావాలా? కన్నతండ్రికి ఏడు మాటలా? ఈ కాలం పిల్లల్ని, నేను పేపర్‌కి రాసే ఈ వారం కాలమ్‌లో కడిగిపారేద్దామని, సాక్ష్యం కోసం ఒక ప్రశ్న వేశాను.

"మీ ఇంట్లో నువ్వు ఎవరితో మాట్లాడతావు?"

జవాబు వచ్చింది.

"అమ్మతో, అమ్మమ్మతో. నాన్న కూడా మంచోడే. కానీ ఎప్పుడూ పేపర్‌కి ఏదో రాసుకుంటుంటాడు. నేను వెళ్తే తలెత్తకుండా చెయ్యి ఎత్తుతాడు, ఆగమని. కాసేపు నించుని వచ్చేస్తాను."

పిడుగు ఆటలోంచి బయటికి వచ్చేశాడు. ఆ సాయంత్రం మా అమ్మాయి అడిగిన పోర్టు ఒక్కటి ఉంచి తక్కినవన్నీ మూసేశాను. కెమెరా తిరగడం మానేసిందని అత్తగారు నాతో మాట్లాడటం లేదు.

అయినా సరే, ఈ కాలం పిల్లల మీద నాలుగు మాటలు రాసి తీరాలని ఇవాళ పొద్దున్నే కూర్చున్నాను. ఇక్కడి దాకా వచ్చేసరికి తలుపు దగ్గర అలికిడైంది. "నాన్నా..." అంది.

నా ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచింది.

దించాను. ఎడిటర్ గారూ, ఈ వారానికి ఇంతే. మిగిలిన జాగాలో ఏదన్నా ప్రకటన వేసుకోండి.