నాచు మెట్ల మీది సభ్యులు

మానవ నాగరికతకు మూలం నిప్పని కొందరు, చక్రమని కొందరు అంటారు. శైవల విద్వత్ పరిషత్తు అభిప్రాయంలో ఇద్దరూ పొరబడ్డారు. నాగరికతకు మూలం తడి. తడి ఉన్నచోట నాచు ఉంటుంది, నాచు ఉన్నచోట దాన్ని అధ్యయనం చేసే సంఘం ఉంటుంది, సంఘం ఉన్నచోట అధ్యక్షుడు ఉంటాడు. ఇక నాగరికతకు లోటేమిటి?

ఈ పరిషత్తు బస్టాండు వెనక సందులో, ఒక పాత మేడ మధ్య అంతస్తులో ఉంది. కింద పంక్చర్ల షాపు. పైన మా వదిన కుట్టు షాపు, అందులో గుండీలు కుడుతూ నేను. పైకి వెళ్ళడానికి మేడ వెలుపల ఒకటే మెట్లదారి. అటువైపు ఎండ రాదు, ట్యాంకు పైపు నాకు ఊహ తెలిసినప్పటినుంచీ కారుతోంది. అందుచేత మెట్లన్నీ పచ్చటి తివాచీ పరిచినట్టుంటాయి. మామూలు సంఘమైతే సిగ్గుపడేది. పరిషత్తు మాత్రం అక్కడ ‘సహజ పరిశీలనాలయం’ అని బోర్డు పెట్టింది.

సభ్యులందరూ రిటైరైన అధ్యాపకులు. చెప్పులు చంకలో పెట్టుకుని, గోడకు బిగించిన తాడు పట్టుకుని, పీతల్లా పక్కవాటుగా ఎక్కుతారు. ఎవరైనా జారితే దాన్ని పడటం అనకూడదు, క్షేత్ర పరిశీలన అనాలి. (ఎంత పైనుంచి జారితే అంత లోతైన పరిశీలన.) ‘పాచి’ అనే మాట లోపల నిషిద్ధం, ‘శైవలం’ అనాలి. ఒకాయన ఓసారి “పాచి మొహంతో వచ్చేశాను, కాఫీ ఉందా” అన్నందుకు, లేచి నిలబడి “శైవల వదనంతో వచ్చేశాను” అని సవరించుకున్నాకే కాఫీ ఇచ్చారు.

ఇలా అందరూ సుఖంగా ఉండగా, బడులు తెరిచే ముందు ఒక హెడ్‌మిస్ట్రెస్‌గారు మా షాపుకు వచ్చారు. బడి మొత్తానికి యూనిఫారాలు కుట్టించే పని. వదిన ఆ పని కోసం ఎన్నో ఏళ్ళుగా తిరిగింది, దాని మీద ఆశతో రెండో మిషను కూడా తెచ్చింది. అంతా మాట్లాడుకుని ఆవిడ దిగడం మొదలుపెట్టారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆవిడకు రెండూ కలిసే జారాయి. పైమెట్టు దగ్గర మొదలైన వాక్యం కింద టైర్ల గుట్టలో ముగిసింది. దెబ్బలేమీ తగల్లేదు. పంక్చర్లతను పనిలోంచి తలెత్తకుండా, అలవాటు కొద్దీ “ముందుదా, వెనకదా” అని అడిగాడు.

ఆవిడ లేచి చీర దులుపుకుని, తాడు పట్టుకు దిగుతున్న వదినతో, “చూడమ్మా, బడి తెరిచేలోగా ఈ మెట్లు కడిగించావా, పని నీది. లేదంటే నేలమీద కూర్చునే దర్జీని వెతుక్కుంటాను” అన్నారు.

మర్నాడు వదిన కొంగు బిగించి, బ్లీచింగ్ పౌడరు, ఈనెల చీపురు పట్టుకుని మెట్ల మీదికి దిగింది. నేను బకెట్టు పట్టుకున్నాను. మధ్య అంతస్తు తలుపు తెరుచుకుని అధ్యక్షులవారు బయటికొచ్చారు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరినో ఓదారుస్తున్నట్టు మాట్లాడే మనిషి.

“ఏం చేయబోతున్నావమ్మా?”

“కడుగుతానండీ.”

“ఎవరిని?”

వదిన చీపురు కిందికి దించింది. (నేను బకెట్టు దించాను.)

మెట్ల గురించి ఏ ప్రతిపాదనైనా సభ్యులే చేయాలని, సభ్యత్వానికి నాచు మీద ఒక మౌలికమైన అభిప్రాయం ఉండాలని ఆయన వివరించారు. వదిన ఆ సాయంత్రమే కమిటీ ముందు నిలబడి తన అభిప్రాయం చెప్పింది: “జారుతుంది.” క్లుప్తంగా ఉందని, ఖండించడానికి వీల్లేకుండా ఉందని కమిటీ మెచ్చుకుంది. సభ్యత్వం ఇచ్చేశారు.

సర్వసభ్య సమావేశంలో వదిన మెట్లు కడగాలని తీర్మానం పెట్టింది. నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. తీరా చూస్తే కోరానికి ఒకరు తక్కువయ్యారు. ఆ ఒకరు అప్పుడే మెట్ల మీద క్షేత్ర పరిశీలనలో ఉన్నారు. సమావేశం వాయిదా పడబోతుండగా, నిబంధనలన్నీ నోటికొచ్చినందువల్ల అందరూ ‘రాజ్యాంగం మాస్టారు’ అని పిలిచే పెద్దాయన గొంతు సవరించుకున్నారు. బల్ల మీది గాజుసీసాలో ఉన్న నాచుకు వ్యవస్థాపకులు మొదటి సమావేశంలోనే గౌరవ సభ్యత్వం ఇచ్చారని, అది చెల్లుతుందని, కాబట్టి కోరం ఉందని చెప్పారు. సభ చప్పట్లు కొట్టింది.

“సీసాని మనిషి కింద లెక్కేస్తారాండీ?” అంది వదిన.

“సీసాని కాదమ్మా, అందులో ఉన్నవారిని.”

“అయితే ఎంతమందున్నారు వాళ్ళు?”

ఇన్నాళ్ళ చరిత్రలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదట. నాచు ఒక్కరా, అనేకులా అని సాయంత్రం దాకా వాదించుకుని, చివరికి కంటికి కనిపించని ప్రతి కణమూ ఒక పూర్తి స్థాయి సభ్యుడే అని తేల్చారు. వెంటనే ఓటింగు పెట్టారు. చేయి ఎత్తనివారిని వ్యతిరేకుల కింద జమకట్టే సంప్రదాయం ఉండటంతో, వదిన తీర్మానం కొన్ని కోట్ల ఓట్ల తేడాతో ఓడిపోయింది. (ఇంత స్పష్టమైన ప్రజాతీర్పు మరే సంఘంలోనూ రాలేదని పత్రికలకు పంపారు.)

ఇకముందు సమావేశాల నోటీసు సభ్యులందరికీ అందాలి గనక, దాన్ని సీసాకు అంటించారు. అవతలి వైపున్నవారికి కనపడదని ఎవరో అభ్యంతరం చెబితే, సీసాను గంటగంటకూ తిప్పడానికి ఒక ఉపసంఘం వేశారు.

వదిన ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ముందు తిట్టింది, తర్వాత నవ్వింది, నవ్వి నవ్వి పొలమారింది. అన్నయ్య వీపు తట్టాడు. “కోట్ల మంది ఓడించారయ్యా నన్ను” అంది కళ్ళు తుడుచుకుంటూ. “ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళకు కూడా ఇంత అదృష్టం ఉండదు.” కానీ పని వస్తుందన్న ఆశతో ముందే కొన్న యూనిఫారాల గుడ్డ తానులు మూలన అలాగే ఉన్నాయి. వాటివైపు చూశాక నవ్వు ఆగిపోయింది.

తర్వాతి సమావేశానికి వదిన కోపంతోనే వెళ్ళింది. నేను మళ్ళీ తలుపు దగ్గరే. నివేదికలు చదువుతుంటే మధ్యలో లేచింది.

“సీసాలో ఉన్నవాళ్ళు సభ్యులైతే, మెట్ల మీదున్నవాళ్ళెవరండీ?”

“వారూ సభ్యులేనమ్మా,” అన్నారు రాజ్యాంగం మాస్టారు. “జాతి ఒక్కటే కదా.”

“మరి రోజూ సభ్యుల్ని తొక్కుకుంటూ వస్తున్నాం కదా మనం.”

అధ్యక్షులవారు నెమ్మదిగా కాలు పైకి తీసి అరికాలు చూసుకున్నారు. పచ్చగా ఉంది. చాలాసేపు చూశారు. తర్వాత కండువాతో కళ్ళు ఒత్తుకుని, “ఇన్నాళ్ళూ వారి మీదుగా నడిచొచ్చి, వారి గురించి ఉపన్యాసాలిచ్చాను” అన్నారు. గదిలో సగంమంది ఏడ్చారు. మిగతా సగం ఏడవడానికి అధ్యక్షుల అనుమతి కోరారు. ఆ క్షణం నుంచీ మెట్ల మీద ఏ మనిషీ కాలు పెట్టరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు.

తీర్మానం మీద సంతకాలయ్యాక గానీ, తామందరూ పైనే ఉన్నామని ఎవరికీ తట్టలేదు.

చీకటి పడేవేళకు ఫైరింజను వచ్చింది. పెద్ద నిచ్చెన వేసుకుని ఒక ఆఫీసరు కిటికీ దగ్గరికి ఎక్కి, “మంటెక్కడ సార్?” అని అడిగాడు.

“మంట లేదు నాయనా,” అన్నారు అధ్యక్షులవారు. “తీర్మానం ఉంది.”

ఆఫీసరు తన సర్వీసులో చాలా చూసినవాడిలా ఉన్నాడు. మరేమీ అడక్కుండా ఒక్కొక్కరినీ దించాడు. రాజ్యాంగం మాస్టారు సీసాను గుండెకు హత్తుకుని దిగారు. కోట్లమందిని కాపాడినందుకు ఆఫీసరుకు అక్కడికక్కడే అభినందన తెలిపారు. నిచ్చెన మీద వదిన వెనకే దిగుతూ, “ఇదంతా ముందే ఆలోచించావా వదినా?” అన్నాను.

“ఆలోచించడమా? ఒళ్ళు మండి అన్నాను. వీళ్ళు నిజంగా ఏడుస్తారని నాకేం తెలుసు.”

మెట్లు మూసేశారు కనుక కొత్త మెట్లు కావాలి. పరిషత్తు నిధి, కదిలించేవాళ్ళు లేక, నాచులాగే దట్టంగా పెరిగి ఉంది. తన జేబులోంచి ఏమీ పోదని తెలిశాక మేడ యజమాని కూడా శాస్త్రాభిమాని అయ్యాడు. బడి తెరిచేలోగా, దక్షిణం వైపు, పొద్దస్తమానం ఎండ కాసే చోట, ఇనుప మెట్లు లేచాయి. హెడ్‌మిస్ట్రెస్‌గారు బూట్లు టకటకలాడించుకుంటూ ఎక్కి వచ్చారు. రెండు మిషన్లూ పగలంతా ఆగలేదు. వదిన పనిలేకపోయినా కిందికి దిగి మళ్ళీ ఎక్కేది. ఒకరోజు పైమెట్టు మీద నిలబడి, చేతులు వదిలేసి, గుండ్రంగా తిరిగింది కూడా.

యూనిఫారాలు ఇచ్చేసిన వారానికి పరిషత్తు వదినకు సన్మానం పెట్టింది. అధ్యక్షులవారు ఆమెను శైవల బంధువు అని పొగిడి, చివర్లో కొంచెం బాధగా ఆగారు. కొత్త మెట్లు బాగున్నాయని, కానీ ఎక్కుతుంటే ఒంటరిగా ఉంటోందని అన్నారు. అక్కడ ఒక్క సభ్యుడూ లేడు. ఇది వివక్ష. కనుక ఆ మెట్లకు ఉదయం, సాయంత్రం నీళ్ళు పోసి సభ్యులకు నివాసయోగ్యంగా మార్చాలని కార్యవర్గం నిశ్చయించింది.

వదిన కుర్చీలోంచి లేచింది. “ఇనుప మెట్లండీ. తుప్పు పట్టిపోతాయి.”

“తుప్పు వేరే పరిషత్తు పరిధి,” అన్నారు రాజ్యాంగం మాస్టారు.

వదిన నోరు తెరిచింది. ఆమె ఏమనబోయిందో నాకు తెలుసు, సందు చివరిదాకా వినపడేలా అనబోయిందని కూడా తెలుసు. ఇంతలో అధ్యక్షులవారు, “దీనికోసం తేమ అధికారి అని ఒక పోస్టు మంజూరు చేశాం” అన్నారు.

వదిన నిలబడే ఉంది. “టెంపరరీయా?”

“పర్మినెంటమ్మా. పింఛనుంది.”

వదిన వెనక్కి తిరిగి నా వైపు చూసింది. మిగిలిన గుడ్డ ముక్కలో ఇంకో చొక్కా వస్తుందా రాదా అని చూసే చూపు అది. తర్వాత అధ్యక్షులవారి వైపు తిరిగి, “మా మరిది డిగ్రీ పాసయ్యాడండీ” అంది.

నేను చేరి ఆరు నెలలైంది. కింది మెట్ల మీద అప్పుడే లేత పచ్చదనం కనిపిస్తోంది, పై అధికారులు సంతృప్తిగా ఉన్నారు. రోజూ ఉదయం వదిన షాపులోకి చేరేదాకా ఆగి, ఆ తర్వాతే మొదటి బిందె పోస్తాను. ఉద్యోగుల కుటుంబాలకు పరిషత్తు కల్పించే సౌకర్యాల్లో అదొకటి.