లాటిన్ మాట్లాడే దేశం

ఆ ఉదయం సంధ్యారాణి పెట్టుకున్న పని ఒక్కటే: గేటుకు అట్టముక్క కట్టడం. ‘పిల్లలకు లాటిన్ ఉచితంగా నేర్పబడును.’ వయసులో ఉండగా సిస్టర్ కావాలని కాన్వెంటుకు వెళ్ళి, కాకుండానే తిరిగొచ్చినప్పుడు ఆమె వెంట వచ్చింది ఆ భాష ఒక్కటే. టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే, కుక్కర్ విజిల్ వేసినా “ఆ, వస్తున్న” అని జవాబు చెబుతోంది.

పక్కింటి మంగ బీడీల చాటతోనే వచ్చింది. “టీచరమ్మా, గిది ఏ దేశం భాష?”

“పుట్టింది రోమ్‌ల. కానీ ఇప్పుడు...”

“రోమా? గది యూరప్ కదా! నర్సులకు జర్మన్ నేర్పి జర్మనీకి తోలుతున్నరు, గిది గూడ గట్లనే!” మిగతాది వినకుండానే మంగ వీధిలోకి పరుగెత్తింది.

సాయంత్రానికి గుమ్మం ముందు చెప్పులు పట్టలేదు. మోర్తాడ్ నుంచి ఆటో నిండా పిల్లలు దిగారు. కుల్సుమ్ తన మనవరాలు యుస్రాను తెచ్చి, “దుబాయ్‌ల మస్తు ఉడుకు టీచర్, మా పోరికి జర చల్లటి దేశం చూడుండ్రి,” అంది. సంధ్యారాణి నిజం చెప్పబోయింది. లోపల పిల్లలు మొదటి పాఠం ‘రోసా, రోసే’ అని ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తున్నారు. రేపు చెబుదాంలే అనుకుంది. వారమంతా అలాగే అనుకుంది.

ఈలోగా గల్ఫ్ ఏజెంటు భూపతి బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు: ‘లాటిన్ నేర్చుకో, యూరప్ పో.’ మధ్యలో సంధ్యారాణి ఫొటో.

మర్నాడు మంగ మిఠాయి తెచ్చింది. “మా ఆయన మస్కట్ల నౌకరీ ఇడిచిపెడ్తడట! ఇంటికొచ్చి తను గూడ లాటిన్ నేర్సుకుంటడట!”

“ఇడిచిపెట్టొద్దను! ఇప్పుడే ఫోన్ చెయ్యి!” సంధ్యారాణి మిఠాయి పక్కన పెట్టేసింది. “గా భాష ఇప్పుడు ఏ దేశంల మాట్లాడరు. వీసా లేదు, నౌకరీ లేదు. చెప్తే మీరు రారని చెప్పలే.”

మంగ ఫోన్ చేసి మొగుణ్ణి ఆపింది. సాయంత్రానికి సంగతి అందరికీ తెలిసింది. ఎవరూ తిట్టలేదు, పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది, కాసేపు మాటలైనా వినిపించేవి.

తర్వాతి సాయంత్రం ఆమె ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తుంటే గేటు చప్పుడైంది. మంగ, కుల్సుమ్, వెనక పిల్లలంతా.

“నౌకరీ రాదు మంగా.”

“రాకపోతే రాకపాయె. నిన్న ఒక్క పూట పోరగాండ్లు ఇంట్ల ఉంటేనే బీడీల తునికాకంతా ఆగం చేసిండ్రు. ఏదన్న నేర్పుండ్రి, ఏడింటి దాక మీ కాడ ఉంచుకోండ్రి.”

“ఎవ్వరు మాట్లాడని భాషైతే ఇంక మంచిదే,” అంది కుల్సుమ్. “ఎదురు జవాబు చెప్పినా మాకు సమజ్ కాదు.”

ఆ సంతోషంలో సంధ్యారాణి, పాత అలవాటు కొద్దీ, “ఆదివారం సెలవు” అని గట్టిగా చెప్పేసి, అందరూ వెళ్ళాక నాలుక కరుచుకుంది: ఆ రోజంతా మళ్ళీ కుక్కర్‌తోనే మాటలు.