మంత్రిగారి పూడికతీత

తుర్కీరా ఊరి ఆచారాన్ని గౌరవించకుండా గనికి ఒక్క చుక్క నీరు కూడా తీసుకోబోమని చిలీ గనుల మంత్రి దోన్ బాల్దోమెరో గారు గుండె మీద చెయ్యి వేసుకుని ప్రకటించారు. ఫొటోలు తీయడం అయిపోయేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

ఆ పైన భూగర్భశాస్త్రం కూడా బోధించారు.

"కోట్ల ఏళ్ల కిందట మరిగే నీళ్లు ఈ కొండ పగుళ్లలోకి రాగిని తెచ్చిపెట్టాయి. నీళ్లు తెచ్చిన రాగిని నీళ్లు పోసే తీయాలి. అది ప్రకృతి న్యాయం! ఈ రాతిలో నూటికి అరపాలు రాగి ఉంది."

"మిగతా తొంభై తొమ్మిదిన్నర పాళ్లు?" అని అడిగింది యుదోసియా.

"దేశభక్తి," అన్నారు మంత్రిగారు.

యుదోసియా ఆ ఊరి కాలువకు పెద్ద. ఎడారిలో ఊరి మొక్కజొన్న, గొర్రెల మేత ఆ ఒక్క కాలువ మీదే బతకాలి. ఏడాదికోసారి అందరూ దిగి పూడిక తీస్తారు. పార పట్టినవాడికి నీటి వంతు. పట్టనివాడికి లేదు. కిందటేడు సొంత తమ్ముడు తాగి పడుకుంటే వాడి చేను ఎండబెట్టింది. ఇప్పటికీ వాడు అక్కతో మాట్లాడడు.

పూడిక రోజున మంత్రిగారు కొత్త పోంచో దుప్పటి కప్పుకుని వచ్చారు. మెడ దగ్గర ధర చీటీ ఇంకా ఊగుతోంది. నేలతల్లికి వైన్ ధారపోశారు. కోకా ఆకును కాడతో సహా నమిలి, ఉక్కిరిబిక్కిరై దగ్గారు. వెనకాలే నాలుగు బస్సుల నిండా తెల్ల హెల్మెట్లు దిగాయి.

"మీరు కూర్చోండమ్మా. ఇవాళ మా గని మీకు సేవ చేస్తుంది," అన్నాడు రెనాతో అనే గని మేనేజరు.

"మేమూ దిగుతాం."

"హెల్మెట్ లేకుండా దిగకూడదు. సేఫ్టీ."

"మోకాలి లోతు కాలువకా?"

"జాగ్రత్త మోకాలి దగ్గర్నుంచే మొదలవ్వాలమ్మా."

"అయితే మాకూ హెల్మెట్లివ్వు."

"మీ సైజుల్లేవు."

అనక్లెతో అనే ముసలాయన పార పక్కన పడేసి, గనివాళ్లు వడ్డిస్తున్న మాంసం పులుసు గిన్నె అందుకున్నాడు.

"ఊరుకోవే తల్లీ. పుట్టిందగ్గర్నుంచి మన నడుములే విరుగుతున్నాయి. ఒక్క ఏడాది వాళ్ల నడుములు విరగనీ."

"తాతా, పార పట్టకపోతే వంతు పోతుంది!"

"మంత్రిగారు అట్లా చేస్తాడా? ఆ దుప్పటి చూడు, ఎంత మెత్తగా ఉందో!"

యుదోసియాకు ఒళ్లు మండింది. గట్టు వెంబడి నడిచి వెళ్లి, తవ్వుతున్నవాళ్ల మేస్త్రీ ప్రుదెన్సియోను నిలదీసింది.

"గని మనుషులంతా కలిసి మా నోట్లో మట్టి కొడతారా?"

"గని మనుషులమా?" అతను నవ్వి చెమట తుడుచుకున్నాడు. "మేం కాంట్రాక్టు కూలీలం అక్కా. అసలు మేం తమ మనుషులమే కాదని గని కోర్టులో వాదిస్తోంది. ఒప్పుకుంటే సొంత ఉద్యోగులతో సమానంగా జీతాలివ్వాలిగా మరి!"

మధ్యాహ్నానికి కాలువ అద్దంలా తయారైంది. మంత్రిగారు కెమెరాల ముందు నిలబడ్డారు.

"పార పట్టినవాడికే నీళ్లు! ఎంత గొప్ప ఆచారం! దాని ప్రకారం ఈ ఏటి నీళ్లన్నీ గనివి. ఆచారానికి మేం తలవంచుతున్నాం. తూము ఎత్తండమ్మా."

ఆయన కళ్లు చెమర్చాయి కూడా. ఊరివాళ్ల చేతుల్లో గిన్నెలు గాల్లోనే ఆగిపోయాయి.

యుదోసియా తూము మీద చెయ్యి వేసింది.

"ఆచారం ఆచారమే. పార పట్టిన చేతిదే వంతు. రెనాతో బాబూ, ఈ పార పట్టిన చేతులు మీ గనివేనా? కెమెరాలోకి చూసి గట్టిగా చెప్పు."

కూలీలు పారలు దించి చెవులు రిక్కించారు. మేనేజరు నోరు తెరిచాడు. పక్కనే ఉన్న గని లాయరు అతని మోచెయ్యి గిల్లాడు.

"కా... కాదు. వీళ్లు మా మనుషులు కారు."

"అయితే నీళ్లు వీళ్లకే పంచుతా."

"ఆగండి!" లాయరు కేక పెట్టాడు. "ఇవాళ ఇక్కడ పూడిక ఎవరూ తీయలేదు. రాసుకోండి. ఎవ్వరూ తీయలేదు!"

మంత్రిగారు గంభీరంగా తల ఊపారు.

"విన్నారుగా?" యుదోసియా ఊరివైపు తిరిగింది. "పూడిక ఇంకా తీయలేదట. తిన్నది చాలు, దిగండి!"

ప్రుదెన్సియో తన హెల్మెట్ తీసి అనక్లెతో తాత నెత్తిన పెట్టాడు. ఊరంతా అద్దంలాంటి కాలువలోకి దిగి, లేని మట్టిని పారలకెత్తి గట్టున పోసింది.

మర్నాడు ప్రభుత్వ ప్రకటన వెలువడింది. తుర్కీరా కాలువ తనంతట తానే శుభ్రపడిందట. అందుకు మంత్రిగారి దూరదృష్టే కారణమట.