నాచుబంతికి క్యాను నీళ్ళు

కరువు జిల్లాలో ఇంటింటికీ ఒక నాచుబంతి ఉండి తీరాలి! నవ్వకండి. ఇది బాగా ఆలోచించి చెబుతున్న మాట.

నాచుబంతి అంటే ఏమిటో తెలియనివారికి ముందు ఆ సంగతి చెప్పాలి. మట్టిని పెద్ద లడ్డూలా ఉండకట్టి, చుట్టూ నాచు కప్పి, దారంతో బిగించి హాల్లో వేలాడదీస్తారు. పైన ఒక మొక్క. కుండీ ఉండదు. కదిరిలో శ్రీకాంత్ అనే కుర్రాడు తన ఇంట్లో వేలాడదీసిన బంతిలో ఉన్నది థైమ్. పిజ్జా మీద చల్లుకునే ఆకు.

బావులే ఎండిన చోట నాచు ఎక్కడిదంటారా? ఎక్కడో కొండల నుంచి కొరియర్లో వచ్చింది. వాన రాకపోయినా నాచు వచ్చింది. అభివృద్ధి అంటే ఇంకేమిటండీ?

ఆ థైమ్ ఎండలో, రాళ్ళలో, నీళ్ళు లేని చోట హాయిగా బతికే మొక్కట. అలాంటిదాన్ని కదిరికి తెప్పించి, నీడపట్టున, తడి నాచులో, ఏసీ కింద పెట్టాలంటే ఎంత చదువు చదివి ఉండాలి!

శ్రీకాంత్ తల్లి మారెక్క ఒక ఆకు నలిపి చూసింది.

"వాము వాసన గదప్పా ఇది! పెరట్లో వామాకు ఉండాది. అంట్లు తోమిన నీళ్ళకే బతుకుతాండాది."

"అమ్మా, దాన్నీ దీన్నీ ఒకటి చేయొద్దు!" అన్నాడు శ్రీకాంత్, మనసు నొచ్చుకుని.

ఈ బంతికి పైనుంచి నీళ్ళు పోస్తే సరిపోదు. బకెట్లో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచాలి. మొదట్లో బోరు నీళ్ళలోనే ముంచాడు. కొద్ది రోజులకే నాచు మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. శ్రీకాంత్ ప్రాణం విలవిల్లాడింది. ఆ రోజు నుంచి బంతికి క్యాను నీళ్ళే.

అదే బోరు నీళ్ళు తాగుతున్న ఇంకో ప్రాణి ఆ ఇంట్లో ఉంది. శ్రీకాంత్ నాయన బాలప్ప, వేరుశనగ రైతు. పళ్ళ మీద గోధుమరంగు చారలు, వంగని మోకాళ్ళు. నీళ్ళు మార్చమని డాక్టరు కూడా చెప్పాడు. "నాయనకు అవి అలవాటే" అన్నాడు కొడుకు. నిజమే కదా! పేరుకున్నదేదో మోకాళ్ళ లోపల పేరుకుంది. నాచులాగా హాల్లో వేలాడుతుంటే చుట్టాలకు కనబడేది.

పోయిన నెల కోత జరిగింది. బాలప్ప చేనులో కాదు. అక్కడ కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే సమయానికి వాన మొహం చాటేసింది, ఏ చెట్టు పీకినా కాయ లేదు. కోత జరిగింది హాల్లో! చిన్న కత్తెరతో రెండు రెమ్మలు కత్తిరించి, ఫొటో తీసి, ఆమ్లెట్ మీద చల్లారు. ఈ ఏడు ఆ ఇంటికి చేరిన పంట అదొక్కటే. జిల్లా రైతాంగం చూసి నేర్చుకోవద్దా?

మొన్న బాలప్ప చేను నుంచి వచ్చేసరికి బంతి స్నానం చేసి నీళ్ళు కారుస్తోంది. ఎదురుగా బకెట్ ఉంది. చెంబు ముంచి గడగడా తాగేశాడు.

"నాయనా! అవి బంతి ముంచిన నీళ్ళు!"

"మన్ను వాసనుండాది లేరా," అన్నాడు బాలప్ప మూతి తుడుచుకుంటూ. "ఉప్పు మాత్రం లేదు. ఏమప్పా, ఇట్లాంటి నీళ్ళు మన ఇంట్లోనే ఉండాయా?"

శ్రీకాంత్ దయగల కొడుకు. అప్పటి నుంచి ముంచిన నీళ్ళు పారబోయకుండా వడగట్టి నాయనకు ఇస్తున్నాడు. నీటి పొదుపు అని నలుగురికీ చెప్పుకుంటున్నాడు కూడా. ఇప్పుడు చెప్పండి, డాక్టరు మాటకు కదలని క్యాను నాచు పుణ్యాన కదిలిందా లేదా?

ఒక్కటే చిక్కు. తడి ఎక్కువై థైమ్ వేర్లు కుళ్ళుతున్నాయట. కొన్నాళ్ళు ముంచడం ఆపేశాడు శ్రీకాంత్.

బాలప్ప ఇప్పుడు రోజూ చేనుకు పోయే ముందు బంతి కింద నిలబడి, నాచును వేలితో తడిమి చూస్తున్నాడు.

"పూర్తిగా ఎండిపోయిండాది శ్రీకాంతా. పాపం, దానికి దప్పికైతాండాదేమో చూడప్పా!"